తులసమ్మ కూర్చోవలసిన సీటు

ఆదోని,
1939 జనవరి.

ఎమ్మిగనూరులో గుడ్డల వ్యాపారం చేయుచున్న మా బావగారు మల్లికార్జునయ్యగారికి, ఆదోనిలో పత్తి వ్యాపారం చేయుచున్న సుబ్బరామయ్య నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా బాగున్నాము, ఒక్క విషయంలో తప్ప. ఆ విషయం మీ ఇంట్లోనే ఉంది. మీకు రోజూ అన్నం వడ్డిస్తుంది.

మా రుక్మిణి పెండ్లి వైశాఖంలో నిశ్చయమైంది. పిల్లవాడిది గూడూరు, ధాన్యం వ్యాపారం, పళ్ళు మంచివి. పెండ్లిపనులు మొదలయ్యేది పసుపు దంచడంతో కదా. మన ఇండ్లలో మొదటి రోకటిపోటు మేనత్త వేయాలి. రుక్మిణికి మేనత్త ఒక్కతే. ఆ ఒక్కతె, అనగా నా చెల్లెలు, అనగా మీ భార్య తులసి, పోయిన కార్తీకం నుంచి నాతో మాట్లాడడం లేదు.

ఎందుకు మాట్లాడడం లేదో ఆమె మీకు చెప్పే ఉంటుంది. చెప్పింది నిజమే. అయినా నేనూ చెబుతాను, నేను చెబితే కొంచెం నిదానంగా ఉంటుంది. మా అబ్బాయి గురురాజ కొడుకు నామకరణానికి తులసిని పిలిపించాలి. ఆ రోజు మీ వైపు నుంచి, నేను గింజలు తీయించే జిన్నుకు పత్తిబండ్లు వస్తున్నాయి. బండి ఎటూ వస్తోంది గదా, అందులోనే కూర్చుని రమ్మని కబురు చేశాను. వ్యాపారస్తుడి కన్ను ఖాళీ చోటును చూసి ఊరుకోదు. తులసి పట్టుచీర కట్టుకుని రెండు పత్తి బోరాల మధ్య కూర్చుని వచ్చింది. దిగేసరికి తల మీద, కనుబొమల మీద, చీర మీద అంతా పత్తే. సరిగ్గా అప్పుడు గుమ్మంలో జిన్ను యజమాని భార్య రంగమ్మగారు నిలబడి ఉన్నది. ఆమె మా ఇంటావిడ జయమ్మను పిలిచి, "ఈ పెద్దామె యవురమ్మా, దూది యేకనీకి పిలిపిచ్చినారా? మా ఇంట్లో గూడ రెండు పరుపులుండాయి, ఈడ పనయినంక పంపీ" అన్నది.

తులసి నా వైపు తిరిగి, "నువ్వు పంపిన బండి ఇంగ నేనెక్కను. నీతో మాట్లాడను" అని, అన్నం ముట్టకుండా బస్సుకు పోయింది. ఆ రోజు వంటలో ఆమెకు ఇష్టమని భక్ష్యాలు కూడా చేయించాము. వాటిని రంగమ్మగారు తిన్నది.

నేను ఏ బడిలోనూ చదువుకోలేదు. బేళ్ళ మీద వేసే మార్కులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందువల్ల నా ఆలోచనలు కూడా మార్కు వేసినట్లు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. మొదట వచ్చిన ఆలోచన, క్షమించమని అడగడం. అది వద్దనుకున్నాను. తర్వాత వచ్చిన ఆలోచన, కారు కొనడం.

ఇక్కడే చిక్కు వచ్చింది. బళ్ళారిలో కార్లు అమ్మే ఏజెంటు సీట్లు రెండు రకాలని రాశాడు, గుడ్డవి, తోలువి. గుడ్డ సీట్లయితే ఇక్కడి జిన్ను గాలికి వారం తిరక్కుండా దూది పట్టి పరుపులవుతాయి, తులసి మళ్ళీ అదే వేషంతో దిగుతుంది. తోలు సీటుకు దూది అంటదు. కానీ ఆమెకు మడి ఎక్కువ. తోలు మీద కూర్చుంటుందో లేదో నాకు తెలియదు. కాబట్టి మీరు కొంచెం ఉపాయంగా, ఎవరి కారు అన్నది బయట పెట్టకుండా, ఆమె మనసు కనుక్కుని రాయండి. నేను అడిగించినట్లు తెలిస్తే ఆమె ఆ కారు ఉన్న వీధిలో కూడా నడవదు.

ఇట్లు,
మీ సుబ్బరామయ్య.

తా.క. మీ నోట రహస్యం నిలవదని నాకు తెలుసు. కానీ నాకు ఇంకొక బావ లేడు.

*

ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి మొదట్లో.

బావగారు సుబ్బరామయ్యగారికి మల్లికార్జునయ్య నమస్కారాలు. మేము క్షేమం అని రాయడం ఆనవాయితీ గనుక రాశాను.

మీరు ఉపాయంగా కనుక్కోమన్నారు. ఉపాయంగానే కనుక్కున్నాను. మధ్యాహ్నం భోజనం దగ్గర, రెండో ముద్ద దాకా ఆగి, గోడ వైపు చూస్తూ, "ఎవరయినా కారు కొన్నారనుకో తులసీ, తోలు సీట్లు మంచివా, గుడ్డ సీట్లు మంచివా?" అని అడిగాను.

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. "యవురు కొంటాండారు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు కొంటే నీకు యాటికి?"

నేను నవ్వాను. బావగారూ, ఆ నవ్వే కొంప ముంచింది. ఆమె ఒక క్షణం నన్ను చూసి, లోపలికి వెళ్ళి, దేవుడి ముందు దీపం పెట్టి వచ్చింది. పొద్దు గూకేలోపల మగ్గాల వీధి వీధంతా మల్లికార్జునయ్య కారు కొంటున్నాడని తెలిసిపోయింది. ఎప్పుడూ నన్ను పలకరించని వాళ్ళు కూడా, "ఏమప్పా, మాతో ఒగ మాట సెప్పకుండానే కొంటాండావే" అని నిష్ఠూరమాడారు. పక్కింటి ఈరమ్మ ఉరుకుంద జాతరకు తనకొక చోటు అట్టిపెట్టమని, మోకాళ్ళ నొప్పుల వల్ల కిటికీ పక్కన అయితే మేలని చెప్పి పోయింది. నూలు పెట్టుకునే కొట్టు ఖాళీ చేయించి, కారు పెట్టడానికి సున్నం కొట్టించింది తులసి. ఆ నూలంతా నేను పడుకునే గదికి వచ్చింది. నేను వసారాకు వచ్చాను.

మీరు అడిగిన దానికి జవాబు మాత్రం దొరికింది. తోలు సీట్లే. గుడ్డ సీటు అన్నది ఏ ఊరి మిల్లులోనో నేసిన గుడ్డ. గుడ్డల వ్యాపారి భార్య ఇంకొకరి గుడ్డ మీద కూర్చుని ఊరేగితే, మొగుడి దుకాణంలో సీటుకు పరిచే పాటి బట్ట కూడా లేదేమో అని నలుగురూ అనుకుంటారట. తోలుకయితే ఆ పేచీ లేదు, తోలు వ్యాపారం మనది కాదు. మరి మడి సంగతి ఏమంటే, తోలు మీద మన కంబళి పరుచుకుంటే సరిపోతుందట.

ఇప్పుడు నేనేమి చేయాలి? కారు మీది అంటే ఆమె ఎక్కదు. కారు నాది అంటే నా దగ్గర కారు లేదు.

ఇట్లు,
మల్లికార్జునయ్య.

తా.క. నిన్న అడగకుండానే నా విస్తట్లో నెయ్యి వేసింది, రెండోసారి కూడా వేసింది. కారు కొనేవాడికి ఇంట్లో ఇంత మర్యాద ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

*

ఆదోని,
ఫిబ్రవరి ఆఖరు.

ప్రియమైన బావగారికి,

మీరు బెదరవద్దు. జరిగింది మంచికే జరిగింది. ఆమె కారు మీదని అనుకోనివ్వండి. మీ కారని ఎక్కుతుంది, మా ఇంటి ముందు దిగుతుంది, పసుపు దంచుతుంది. తర్వాత ఎవరిదయితేనేమి. నెయ్యి తినండి.

కారు ఎంపిక అయింది. ఎట్లా అయిందో రాస్తాను, ఎందుకంటే మీరు కూడా ఒకనాడు కారు కొనవచ్చు. మా దుకాణంలో పత్తి మచ్చు చూసే మనిషి బజారిని వెంటబెట్టుకుని బళ్ళారికి పోయాను. బజారి మీకు తెలుసు, మూటలోంచి పిడికెడు దూది లాగి వేళ్ళతో పీకి చూసి, ఇది ఆస్పరి పత్తి, ఇది మద్దికెర పత్తి అని చెప్పగలవాడు. ఒకసారి పెండ్లివారింట పడుకోవడానికి దిండు ఇస్తే, దాని కుట్టు విప్పి, లోపలి దూది నాసిరకమని చెప్పి, తెల్లవార్లూ కూర్చునే ఉన్నాడు. అప్పటి నుంచి వాణ్ని ఎవరూ పెండ్లికి పిలవరు. కారు కొనడానికి వాణ్ని ఎందుకు తీసుకుపోయానంటే, ఏదయినా కొనేటప్పుడు వాడు పక్కన లేకపోతే నాకు నోట్లో మాట రాదు.

ఏజెంటు దుకాణంలో మూడు కార్లున్నాయి, మూడింటికీ తోలు సీట్లే. తలకు వాసన నూనె రాసుకున్న ఒక కుర్ర గుమాస్తా, తోలు ఎంత మెత్తగా ఉందో చూడమని మమ్మల్ని కూర్చోబెట్టాడు. మెత్తగానే ఉంది. కానీ బావగారూ, గోనెసంచి బాగుందని మూట కొంటామా? "లోపల ఏముంది?" అని అడిగాను.

"గుర్రపు వెంట్రుకలు, సార్. మేలు రకం."

"చూపించు."

కుర్రవాడు నవ్వాడు. నేను హాస్యమాడానని అనుకున్నాడు. బజారి అనుకోలేదు. వాడి నడుముకు మచ్చు తీసే కొక్కెం ఎప్పుడూ ఉంటుంది. పెద్దవాళ్ళు చూపించమన్నారు, అవతలివాడు నవ్వాడు, అంటే ఒప్పుకున్నాడు. పక్కన ఉన్న గోధుమరంగు కారు వెనక సీటులో కొక్కెం గుచ్చి, తిప్పి, పిడికెడు లాగాడు. కుర్రవాడు ఏజెంటును పిలవడానికి లోపలికి పరుగెత్తాడు. బజారి ఆ వెంట్రుకలను వెలుగులో పెట్టి, సాగదీసి, తెంపి, వాసన చూసి, "పీచు పొడుగుండాది, బలం గూడ ఉండాది. కాకపోతే మరీ నలుపు. మనకు అమ్ముడుపోదు సామీ" అని తేల్చాడు.

లోపలి నుంచి ఏజెంటు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. చిల్లు చూశాడు, బజారిని చూశాడు, కొక్కెం చూశాడు. ఇక ఈ కారు మీదేనండీ అన్నాడు. అందువల్ల మూడింటిలో ఏది మంచిదా అని ఆలోచించే శ్రమ నాకు తప్పింది.

తోలు విషయం మా పురోహితుణ్ని కూడా అడిగాను, ఎందుకయినా మంచిదని. ఆయన కూర్చునేదే జింకతోలు మీద, కాబట్టి గట్టిగా ఏమీ అనలేకపోయాడు. కూర్చుని చూసి చెబుతానన్నాడు. కూర్చున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. దాన్ని నేను అనుమతిగా తీసుకున్నాను.

ఇట్లు,
సుబ్బరామయ్య.

తా.క. చిల్లుకు మాసిక వేయించాను. అది ఎడమ వైపున ఉంది. తులసిని కుడి వైపున కూర్చోబెట్టండి.

*

ఎమ్మిగనూరు,
మార్చి.

బావగారికి,

ఈ ఉత్తరం దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాసే వీలు లేదు, ఎందుకో చెబుతాను.

మీరు కారు కొన్నారు, సంతోషం. నేను ఆ కారులో తులసిని మీ ఇంటికి తీసుకురావాలి. రాత్రి మెల్లగా కదిపాను. "కారు రాగానే మొదట యాడికి పోదాం తులసీ?" అన్నాను. ఆదోనికి అన్నది. నా ప్రాణం లేచి వచ్చింది.

"మీ అన్న ఇంటికా?"

"ఇంటికి గాదు. ఇంటి ముందర నుంచి. హారను కొట్టుకుంటా, ఆ సివర నుంచి ఈ సివరకు ఒగసారి, మళ్ళా ఈ సివర నుంచి ఆ సివరకు ఒగసారి. దిగను. తల గూడ తిప్పను. ఆ రంగమ్మ ఉంటే మాత్రం కొంచెం మెల్లగ పోనీమను."

ఆమె దీపం పెట్టింది ఇందుకట బావగారూ. నూలు కొట్టుకు సున్నం కొట్టించింది ఇందుకట. కారు మీదని తెలిస్తే ఎక్కదు. కారు మాదని అనుకుంటే మీ ఇంటి ముందు ఆగదు. ఈ రెండూ కాని దారి నాకు కనిపించడం లేదు, మీకేమయినా కనిపిస్తే వెంటనే రాయండి.

అంతేకాదు. సీటు మీద పరచడానికి కంబళి చాలదని, ఎర్ర అంచు పెట్టి ప్రత్యేకం ఒక పట్టుబట్ట నేయిస్తోంది. నేసేవాడు సీటు కొలత అడిగాడు. నాకేమి తెలుసు? ఆమెనే కూర్చోబెట్టి కొలిచారు. వీధిలో వాళ్ళు దినామూ వచ్చి ఎంతవరకు నేశారో చూసి పోతున్నారు. ఇప్పుడు కారు రాకపోతే ఈ ఊళ్ళో నేను గజం గుడ్డ అమ్మలేను, ఆమె కుళాయికి పోలేదు. మీకు పోయేది ఒక రోకటిపోటు. మాకు పోయేది మొహం.

ఇట్లు దిగులుతో,
మల్లికార్జునయ్య.

తా.క. ఇంట్లో ఎందుకు రాయలేదంటే, సాయంత్రాలు అక్కడ సాధన జరుగుతోంది. రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుని, తల తిప్పకుండా కూర్చోవడం నేర్చుకుంటోంది. ముందు పీట మీద డ్రైవరుగా నేను. హారను కూడా నేనే.

*

ఆదోని,
ఉగాది వెళ్ళిన తర్వాత.

బావగారికి,

మీ ఉత్తరం జయమ్మకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండవలసింది. రుక్మిణి తలుపు చాటు నుంచి విన్నది. "అత్త వచ్చి పసుపు దంచకపోతే నేను పీటల మీద కూకోను నాయనా" అని చెప్పి, రోలు ఉన్న గదికి తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది. ఈ పంతం నాదీ కాదు, జయమ్మదీ కాదు, మేనత్త పోలిక. గూడూరువాళ్ళు లగ్నపత్రిక అచ్చుకు ఇచ్చేశారు. పసుపు దంచడానికి పురోహితుడు మంచిరోజు పెట్టాడు, అది వచ్చే శుక్రవారం. అది దాటితే పెండ్లిలోపల మరొకటి లేదట. అడుగుదామంటే ఆయన ఈ మధ్య ఎక్కువగా కారులోనే నిద్రపోతున్నాడు.

హారను సంగతి ఆలోచించాను. కొట్టుకుంటూ పోనివ్వండి అని మొదట రాయబోయాను. కార్తీకం నుంచి ఆమె వైపు నుంచి ఒక చప్పుడు కూడా లేదు. హారనయినా చప్పుడే. కానీ హారనుతో పసుపు నలగదు.

అందుకని ఇట్లా చేద్దాం. డ్రైవరు బసన్న మా మనిషి, ఇన్నాళ్ళూ జిన్ను లారీ తోలినవాడు. గురువారం పొద్దున కారు మీ ఇంటికి తెస్తాడు. మీరు మీ కారులాగే కొబ్బరికాయ కొట్టి దించుకోండి. తులసిని ఎక్కించండి. మా వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి పోనిస్తాడు. రెండోసారికి మా గుమ్మం ముందు బండి ఆగిపోతుంది. నీళ్ళు కావాలంటాడు, నీళ్ళు పోస్తే నూనె కావాలంటాడు. ఎండలో ఎంతసేపు కూర్చుంటుంది? లోపలి నుంచి రుక్మిణి మజ్జిగ తెస్తుంది. మిగతాది మజ్జిగ చూసుకుంటుంది.

ఇట్లు,
సుబ్బరామయ్య.

తా.క. బసన్నకు బండి ఆపడం నేర్పించనక్కరలేదు. అడుగు వేయించడమే కష్టంగా ఉంది.

*

ఎమ్మిగనూరు,
శుక్రవారం ఉదయం.

బావగారూ,

క్షేమ సమాచారాలు తర్వాత. నిన్న ఇక్కడ ఏమి జరిగిందో నాకు చెప్పండి. మీరు ఇక్కడే ఉన్నారు, నేనూ ఇక్కడే ఉన్నాను, అయినా నాకు తెలియలేదు.

కారుతో బసన్న వస్తాడని రాశారు. వీధంతా కూడింది. నేను కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాను. ఈరమ్మ మోకాళ్ళు పట్టుకుని కిటికీ వైపు నిలబడింది. కారు వచ్చింది, ఆగింది, తలుపు తెరుచుకుంది. దిగింది మీరు. ఉత్తరాల్లో ఇన్ని సంగతులు రాస్తారు గదా, ఈ ఒక్క సంగతి రాయడానికి కాగితం చాలలేదా?

మిమ్మల్ని చూడగానే తులసి మొహంలో రంగు పోయింది. కారు ఎవరిదో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అది మీరూ చూశారు. మీరు చూడనిది నేను చెబుతాను, మీరు అప్పుడు మీ చెప్పులు చూసుకుంటున్నారు. ఆమె వీధిని చూసింది. ఆ చివర నుంచి ఈ చివరకు అందరి మొహాలూ చూసింది. చేతిలో ఎర్ర అంచు పట్టుబట్ట మడత ఉంది. ఇక ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంటుందని నేను నిశ్చయించుకున్నాను. ఈ ఊరు విడిచి ఏ ఊళ్ళో దుకాణం పెట్టాలా అని ఆలోచించాను. గుత్తి మేలనిపించింది.

ఆమె లోపలికి పోలేదు. కారు చుట్టూ తిరిగింది. వెనక తలుపు తీసి, బొటనవేలితో సీటు నొక్కింది. మాసిక చూసి బసన్నను, "ఇది యవురు కుట్టినారప్పా, దున్నపోతు మొగానికి తోలు మూజంబరం కుట్టినట్ల?" అని అడిగింది. తర్వాత మీ ఎదుటికి వచ్చి నిలబడి, కొంగు తీసి మీ కుడిచేతి మీద కప్పింది. తన చెయ్యి కూడా ఆ కొంగు కిందికే పోయింది.

ఆమె మొహంలో ఏమీ లేదు. మీ మొహంలో ఏమీ లేదు. కొంగు మాత్రం కదులుతోంది. ఒకసారి మీరు చెయ్యి వెనక్కు లాక్కున్నారు, ఆమె మళ్ళీ పట్టుకుంది. చివరకు మీరు తల ఊపారు. ఆమె కొంగు సర్దుకుని, సీటు మీద పట్టుబట్ట పరిచి, కుడి వైపున కూర్చుని, "పోనీ బసన్నా" అన్నది. మీరు ముందు ఎక్కారు. కారు పోయింది.

నా చేతిలో కొబ్బరికాయ అట్లాగే ఉంది. నాతో ఒక్క మాట చెప్పలేదు, ఇద్దరిలో ఒక్కరూ. నేను గుడ్డలమ్ముకునేవాణ్ని, మీ పత్తివాళ్ళ చేతిభాష నాకు రాదు. ఆ కొంగు కింద ఏమి జరిగింది?

ఇట్లు,
మల్లికార్జునయ్య.

తా.క. "కారు మళ్ళా యప్పుడొస్తాది?" అని వీధిలో అందరూ అడుగుతున్నారు. భార్య ఎప్పుడు వస్తుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

*

ఆదోని,
ఆదివారం.

బావగారు మల్లికార్జునయ్యగారికి సుబ్బరామయ్య అనేక నమస్కారాలు చేసి తెలియజేయునది. మా ఇంటి ముందు ఒక కారు నిలబడి ఉంది. గోధుమరంగు, తోలు సీట్లు. అది మీది. మీ ఆవిడ కొన్నది, నేను అమ్మాను.

మొదట నేను ఎందుకు వచ్చానో చెప్పాలి. బుధవారం రాత్రి జయమ్మ నాకు మంచినీళ్ళు ఇస్తూ, "ఆ పొద్దు గూడ బండినే పంపినావు. ఇప్పుడు గూడ బండినే పంపిస్తాండావు. బండి మారింది, అంతేగదా" అన్నది. నీళ్ళు తాగాను. కార్తీకం నుంచి నేను సీటు గురించే ఆలోచిస్తున్నాను బావగారూ, గుడ్డా, తోలా అని. తెల్లవారగానే బసన్న పక్కన ఎక్కి కూర్చున్నాను. ఏమి మాట్లాడాలో దారిలో ఆలోచించుకుందామనుకున్నాను. కారు బండికన్నా తొందరగా వస్తుందన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

ఇక కొంగు సంగతి. మా పత్తి బజారులో పదిమంది మధ్య బేరం నోటితో చేయరు. చేస్తే పక్కవాడు వింటాడు. చేతుల మీద పైబట్ట కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా పడితే ఐదు. అవి నూర్లా, వేలా అన్నది మాత్రం పైకి ఒక మాట అంటారు. తులసి చిన్నప్పుడు మా నాయన ఆమెను దుకాణంలో పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చిన్న చెయ్యిని తన పైబట్ట కింద పెట్టుకుని ఇదంతా నేర్పించాడు. నాకు ఆయన నేర్పలేదు. తులసి నేర్పింది.

ఆమె నా చిటికెనవేలు పట్టుకుని కారు వైపు చూడగానే, తిట్టడం లేదు, ధర అడుగుతోంది అని తెలిసింది. నేను పంపిన బండి ఎక్కనని మాట అన్నది. వెనక్కు పంపితే వీధిలో మొహం పోతుంది. తన కారయితే ఏ బాధా లేదు. అందుకని కొనేసింది. మీకు కనిపించని దారి అదే. ఒక వేలుకు నేను చెయ్యి లాక్కున్న మాట నిజం. చెల్లెలి దగ్గర అట్లా చేయకూడదు. కానీ మొదటి ధరకు అమ్మేవాడి చెయ్యి దానంతట అదే వెనక్కు పోతుంది. ఆమె మళ్ళీ పట్టుకుంది. ఈసారి చెయ్యంతా పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. నేను ఖాయం అని తల ఊపాను.

ఐదు. ఐదు ఏమిటి అని మీరు అడుగుతారు. చెప్పాలంటే ఆమె నోరు తెరవాలి, ఆమె నాతో మాట్లాడదు. కాబట్టి ధర ఎంతో తెలియని కారులో, కొన్న ఆమె వెనక సీటులో, అమ్మినవాడు ముందు సీటులో, ఆదోని దాకా మాట లేకుండా వచ్చాము. హారను మాత్రం కొట్టించింది, రంగమ్మగారి ఇంటి ముందు. మెల్లగానే పోనిచ్చాడు.

శుక్రవారం పసుపు దంచారు. రుక్మిణి తాళంచెవి అత్త చేతికే ఇచ్చింది. మొదటి పోటు తులసి వేసింది. ఇంట్లో అందరితో మాట్లాడుతోంది, బజారితో కూడా మాట్లాడింది. కొక్కెం తీసి దాచమన్నది. నాతో చెప్పవలసి వస్తే, "రుక్మిణీ, మీ నాయనను పక్కకు జరగమను, పసుపు పడతాది" అంటుంది. నేను జరుగుతున్నాను.

కాబట్టి మీతో రెండు పనులున్నాయి. మొదటిది, మీరు పెండ్లికి వచ్చినప్పుడు ఐదు ఏమిటో ఆమెను అడిగి నాకు చెప్పవలెను. రెండవది, పెండ్లికూతురి ఊరేగింపుకు మీ కారు ఒక పూట ఇప్పించవలసిందని వినయంగా కోరుతున్నాను. బాడుగకు కాదు, చుట్టరికం మీద అడుగుతున్నాను. సీట్ల విషయంలో జాగ్రత్తగా ఉంటాము.

ఇట్లు, కారు లేని మీ బావ,
సుబ్బరామయ్య.

తా.క. కవరు అంటించబోతుండగా తులసి వెనక నుంచి వచ్చి, నా భుజం మీదుగా ఈ ఉత్తరమంతా చదివింది. "కారు నాదయితే ఆయన్ని అడుగుతాండావేమన్నా?" అన్నది. నాతోనే అన్నది.

నేను కలం కింద పెట్టి, "ఐదేంది తులసీ?" అని అడిగాను. "సార్లు" అన్నది. ఏడాదికి ఐదుసార్లు, ఎవరినీ పంపకుండా, నేనే ఎమ్మిగనూరుకు వచ్చి మీ ఇంట్లో భోంచేసి పోవాలట. అందువల్ల ధర గురించి మీరు దిగులు పడవద్దు. పుట్టినప్పటి నుంచి పత్తి బజారులోనే ఉన్నాను గానీ, అమ్మినవాడే ధర చెల్లించే బేరం నేను చూడడం ఇదే మొదలు.